కొత్త జట్టు వెంట నిలబడటం: డాల్ఫిన్స్ సీజన్ మెంబర్‌షిప్‌పై సమీక్ష

ఆస్ట్రేలియా నేషనల్ రగ్బీ లీగ్‌లో 2023లో పదిహేడవ జట్టుగా చేరిన డాల్ఫిన్స్ క్లబ్ ఏటా అమ్మే సీజన్ మెంబర్‌షిప్, అంటే జట్టు సొంత మ్యాచ్‌లు చూడటానికి ముందుగా కొనే సీజన్ టికెట్, ఈ సమీక్షకు విషయం. బ్రిస్బేన్‌లోనూ దాని ఉత్తర శివార్లలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు బడిలో ఈ ఆట గురించి విని వచ్చి ‘మనది ఏ జట్టు?’ అని అడిగితే, క్రికెట్‌తో పెరిగిన తల్లిదండ్రుల దగ్గర చాలాసార్లు జవాబు ఉండదు. ఇదే నగరంలో 1988 నుంచి ఉన్న మరో జట్టు బ్రాంకోస్ ఏడు టైటిళ్లు గెలిచింది. ఏడవది 2025 ఫైనల్లో మెల్‌బోర్న్ స్టార్మ్‌ను 26–22 తేడాతో ఓడించి అందుకున్నది. డాల్ఫిన్స్ మొదటి మూడు సీజన్లలో వరుసగా 13, 10, 9 స్థానాల్లో నిలిచింది. ఎనిమిది జట్లు మాత్రమే చేరే ఫైనల్స్ దశలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. అయినా ఈ ఆటకు కొత్తగా వచ్చే కుటుంబానికి నేను డాల్ఫిన్స్ మెంబర్‌షిప్‌నే సూచిస్తాను. అక్కడ అభిమానుల సమూహం ఇంకా కుదురుకుంటూనే ఉంది కనుక, తాతల నాటి నుంచి జట్టు వెంట ఉన్నవారి మధ్య ఆలస్యంగా వచ్చి కూర్చున్నామన్న బెరుకు కొత్తవారికి తక్కువగా ఉంటుంది. అయితే ఆ మెంబర్‌షిప్ విలువ అన్ని మ్యాచ్‌లలో ఒకేలా ఉండదు. దాన్ని ఎక్కడ, ఎలా వాడుకుంటామన్న దానిపైనే పెట్టిన డబ్బుకు ఫలితం ఆధారపడి ఉంటుంది.

ఆట గురించి రెండు మాటలు చెప్పాలి. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడినది ఏడుగురి రగ్బీ యూనియన్. ఇది పదముగ్గురు ఆడే రగ్బీ లీగ్, నియమాలు వేరు. బంతి చేతిలో ఉన్న జట్టుకు ఆరు ట్యాకిళ్ల వరకే, అంటే ప్రత్యర్థులు ఆరుసార్లు పట్టి ఆపేవరకే అవకాశం ఉంటుంది, ఆ లోపు గీత దాటి బంతిని నేలకు తాకిస్తే ట్రై అంటారు, దానికి నాలుగు పాయింట్లు, ఆ తర్వాత గోల్‌కు తన్ని సాధిస్తే మరో రెండు. ఒంటరిగా దూసుకొచ్చేవాణ్ణి నలుగురు కలిసి పట్టి నిలువరించడమన్నది కబడ్డీ చూసిన కంటికి పరిచయమైన దృశ్యమే కాబట్టి, మొదటి మ్యాచ్ సగం గడిచేసరికి మనవాళ్లకు ఆట దారి తెలిసిపోతుంది. నలభై నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో విరామం. చిన్నపిల్లలతో వెళ్లేవారికి టీ20 మ్యాచ్ కంటే ఇది తేలిక.

డాల్ఫిన్స్‌ను కొత్త జట్టు అనడం సగమే నిజం. మోర్టన్ బే ఒడ్డున ఉన్న రెడ్‌క్లిఫ్ ద్వీపకల్పంలో 1947లో పుట్టిన క్లబ్ ఇది. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర స్థాయి పోటీల్లో దశాబ్దాల పాటు ఆడింది. ఆస్ట్రేలియా జట్టుకు నాయకత్వం వహించిన తొలి ఆదివాసీ క్రీడాకారుడు ఆర్థర్ బీట్సన్ సిడ్నీకి వెళ్లకముందు 1960లలో ఇక్కడే ఆడాడు. 2021 అక్టోబర్‌లో లీగ్ పెద్దలు ఫైర్‌హాక్స్, జెట్స్ అనే రెండు ఇతర బ్రిస్బేన్ ప్రతిపాదనలను పక్కన పెట్టి రెడ్‌క్లిఫ్‌ను ఎంచుకున్నప్పుడు, సొంత స్టేడియం, సొంత ఆస్తులు, తరాలుగా ఆ క్లబ్ చుట్టూ తిరిగిన కుటుంబాలు దానికి బలంగా నిలిచాయి. మెంబర్‌షిప్ కొనేవారికి ఇది అక్కరలేని చరిత్రలా కనిపించవచ్చు గానీ, కొత్త జట్టు రేపు ఉంటుందా ఉండదా అన్న సందేహానికి దీనికంటే మంచి హామీ మరొకటి లేదు.

ఆ సందేహం ఊరికే పుట్టింది కాదు. ఇదే నగరంలో 1995లో సౌత్ క్వీన్స్‌లాండ్ క్రషర్స్ అనే జట్టును ప్రారంభించారు. మొదటి ఏడాది జనం బాగా వచ్చారు, ఆ తర్వాత రెండు సీజన్లలో జట్టు అట్టడుగున నిలిచింది, అప్పులు పెరిగాయి, 1997 చివరకు క్లబ్ మూతపడింది. పెర్త్‌లో వెస్టర్న్ రెడ్స్ కూడా సరిగ్గా ఆ మూడేళ్లే బతికింది. అడిలైడ్ రామ్స్ రెండు సీజన్లతో ముగిసిపోయింది. జట్టు మాయమైతే దాన్ని నమ్ముకున్నవాడి గతి ఏమిటో హైదరాబాద్ వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012తో కనుమరుగైనప్పుడు, ఆ మరుసటి ఏడాదే సన్‌రైజర్స్ వచ్చింది కాబట్టి నగరానికి ఒక జట్టంటూ మిగిలింది. క్రషర్స్ అభిమానులకు ఆ ఓదార్పు కూడా దక్కలేదు. వాళ్లలో కొందరు బ్రాంకోస్ వైపు మళ్లలేక పాతికేళ్లు ఏ జట్టూ లేకుండా గడిపారంటే నాకు ఆశ్చర్యం కలగదు, వాళ్ల పట్ల గౌరవమే కలుగుతుంది.

డాల్ఫిన్స్ ఆ గతిని తప్పించుకోవడానికి మొదటి నెల ఆట చాలా సాయపడింది. 2023 మార్చి 5న సన్‌కార్ప్ స్టేడియంలో ముప్పై వేలకు పైగా జనం ముందు తమ తొలి మ్యాచ్‌లోనే సిడ్నీ రూస్టర్స్‌ను 28–18తో ఓడించారు. ఆ వెంటనే రెడ్‌క్లిఫ్‌లో కాన్‌బెరా రైడర్స్‌పైన, న్యూకాజిల్‌లో నైట్స్‌పైన కూడా గెలిచారు. పెద్ద పేరున్న ఆటగాళ్లు దొరక్క, ఈ జట్టు అన్నిటికంటే చివరన మిగులుతుందని చాలామంది అంచనా వేసిన సీజన్ అది. ఆ ఏడాదే గోల్డ్‌కోస్ట్ టైటాన్స్ చేతిలో 26–0తో వెనుకబడి, చివరకు 28–26తో మ్యాచ్ లాక్కున్నారు. అప్పటి కోచ్ వేన్ బెన్నెట్. 1988లో బ్రాంకోస్ పుట్టినప్పుడు దానికి తొలి కోచ్, దాని మొదటి ఆరు టైటిళ్లకూ కోచ్ కూడా ఆయనే. డెబ్బై దాటిన వయసులో అదే నగరంలో బ్రాంకోస్‌కు ఎదురుగా మరో జట్టును పునాది నుంచి కట్టడానికి ఆయన ఒప్పుకోవడం, బ్రాంకోస్ ఇళ్లలో పెరిగిన కొందరికి ఈ కొత్త రంగు వేసుకోవడానికి ఒక అనుమతిలా పనిచేసిందని నా నమ్మకం.

ఇక మెంబర్‌షిప్‌తో అందే అనుభవం. సొంత మ్యాచ్‌లలో ఎక్కువ భాగం 52,500 మంది పట్టే సన్‌కార్ప్‌లో జరుగుతాయి. మిల్టన్ స్టేషన్ పక్కనే ఉంది, రోమా స్ట్రీట్ నుంచి కూడా నడిచి వెళ్లవచ్చు. 2024 ఆగస్టు నుంచి బస్సు, రైలు ఛార్జీ 50 సెంట్లే కాబట్టి నలుగురి కుటుంబానికి కూడా ప్రయాణం ఖర్చు కిందికి రాదు. కారు ఆలోచన మానుకోవాలి, చుట్టుపక్కల వీధుల్లో మ్యాచ్ రోజున పార్కింగ్ ఆంక్షలు కఠినంగా ఉంటాయి. గ్యాలరీలు మైదానానికి బాగా దగ్గరగా, నిటారుగా కట్టారు కనుక పై అంతస్తులో కూర్చున్నా ఆటగాళ్లు ఢీకొన్న చప్పుడు చెవిన పడుతుంది. అయినా ఒక మాట చెప్పక తప్పదు. సిడ్నీ నుంచి చిన్న జట్టు వచ్చిన మామూలు రాత్రి ఇరవై వేల మంది వస్తే అది ఏ ఇతర మైదానంలోనైనా మంచి జనం అనిపించుకుంటుంది. ఇక్కడ మాత్రం ఖాళీ కుర్చీలే ఎక్కువ కనిపిస్తాయి, అరుపులు పైకి వెళ్లి చెదిరిపోతాయి. ఇందులో అభిమానుల లోపమేమీ లేదు. యాభై ఏళ్లు నిండిన జట్టు కూడా నింపడానికి కష్టపడే గిన్నెలో మూడేళ్ల జట్టును పోసి చూడటం న్యాయం కాదు.

బ్రాంకోస్‌తో డెర్బీ, అంటే ఒకే నగరపు రెండు జట్ల పోటీ జరిగే రాత్రి వేరు. 2023 మార్చిలో జరిగిన మొదటి డెర్బీకి యాభై వేలకు పైగా వచ్చారు. బ్రాంకోస్ 18–12తో నెగ్గింది. ఒకే ఇంట్లోవారు రెండు రంగుల జెర్సీలు వేసుకుని పక్కపక్కన కూర్చోవడం ఇక్కడ మామూలు, రెండు వర్గాలను వేర్వేరు గ్యాలరీల్లో బంధించే పద్ధతి ఈ ఆటలో లేదు. పిల్లలతో వెళ్లడానికి భయపడవలసిన పని లేదు. సీజన్‌లో రెండు డెర్బీలు జరిగితే, డాల్ఫిన్స్ సొంత మ్యాచ్‌గా జరిగే దానికే డాల్ఫిన్స్ మెంబర్‌షిప్ వర్తిస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఈ మెంబర్‌షిప్ కొనడానికి అసలు కారణం రెడ్‌క్లిఫ్‌లో జరిగే కొద్దిపాటి మ్యాచ్‌లు. కాయో స్టేడియంలో సుమారు పది వేల మంది పడతారు. 2016లో ప్రారంభమైన రైలు మార్గంలో చివరి స్టేషన్ కిప్పా-రింగ్ వరకు వెళ్లి అక్కడి నుంచి నడిస్తే చాలు. దారి పొడవునా ఎరుపు, పసుపు జెర్సీలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని నేషనల్ రగ్బీ లీగ్‌లో చేరకముందు నాటివి, రంగు వెలిసినవి, రాష్ట్ర స్థాయి పోటీల రోజుల్లో కొన్నవి. ఆ జెర్సీల వారికి ఈ జట్టు పాతది, పక్కన కూర్చున్న మనకు కొత్తది, మైదానం చిన్నది కావడం వల్ల ఇద్దరి అరుపూ ఒకటైపోతుంది. డాల్ఫిన్స్ ఆటగాడు హమీసో టబువై-ఫిడో బంతి అందుకుని పక్క గీత వెంట పరుగు మొదలుపెట్టినప్పుడు అక్కడ లేచే హోరును సన్‌కార్ప్ డెర్బీ రాత్రి తప్ప ఇవ్వలేదు. లీగ్ విస్తరణ అంటే టీవీ హక్కుల లెక్కలు, కొత్త మార్కెట్లు అని చెప్పేవారు చాలామంది ఉన్నారు. జట్టు బతకాలంటే కావలసింది ఏమిటో చూడదలచుకున్నవారు రెడ్‌క్లిఫ్‌లో ఒక సాయంత్రం గడపాలి.

అందుకే క్లబ్ పేరు నుంచి రెడ్‌క్లిఫ్‌ను తీసివేసి ఊరు లేని ‘డాల్ఫిన్స్’గా లీగ్‌లో ప్రవేశపెట్టిన నిర్ణయం నాకు పూర్తిగా రుచించలేదు. మోర్టన్ బే నుంచి సన్‌షైన్ కోస్ట్ వరకు, బ్రిస్బేన్ నగరంలోనూ అందరినీ కలుపుకోవాలన్న ఉద్దేశం అర్థం చేసుకోదగినదే, మనలాంటి కొత్తవారికి ద్వారం తెరిచి ఉంచినది కూడా ఆ ఉద్దేశమే. కానీ జట్టుకు బలం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోటి పేరునే దాచుకోవడం సరైన పని కాదు. రెడ్‌క్లిఫ్ మ్యాచ్‌ల సంఖ్య ఇప్పుడున్న దానికంటే పెంచితే, టికెట్ల రాబడి కొంత తగ్గినా, మెంబర్‌షిప్ విలువ రెట్టింపవుతుందని నా అభిప్రాయం. ఆట పరంగా పోషించదగిన జట్టే ఇది: జమేన్ ఇసాకో 2023లో లీగ్ మొత్తంలోనే అత్యధిక ట్రైలు, అత్యధిక పాయింట్లు సాధించాడు, ఇంగ్లండ్‌లోని బర్న్లీ నుంచి వచ్చిన హెర్బీ ఫార్న్‌వర్త్ బ్రాంకోస్‌ను వదిలి 2024లో ఇటు వచ్చాడు, బెన్నెట్ తర్వాత 2025లో క్రిస్టియన్ వూల్ఫ్ పగ్గాలు అందుకున్నాక తొమ్మిదవ స్థానం దాకా, అంటే ఫైనల్స్ గడప ముందు దాకా వచ్చారు.

ఇదే ప్రశ్న త్వరలో పెర్త్ తెలుగువారి ముందుకూ వస్తుంది. 2027లో పద్దెనిమిదవ జట్టుగా పెర్త్ బేర్స్ చేరుతోంది, మాల్ మెనింగా తొలి కోచ్. పదిహేడు జట్లున్నప్పుడు ప్రతి వారం ఒకరు తప్పనిసరిగా ఖాళీగా కూర్చోవాలి. పందొమ్మిదవ జట్టు వచ్చేదాకా ఆ ఇబ్బంది కూడా దీంతో తీరుతుంది. ఈ జట్టు పేరు, రంగులు 1908లో లీగ్ పుట్టుక నుంచి ఉండి, 1999తో అగ్రశ్రేణి నుంచి తప్పుకున్న నార్త్ సిడ్నీ బేర్స్‌వి. 1921, 1922 తర్వాత టైటిల్ ఎరగకపోయినా ఆ క్లబ్‌ను వదలని సిడ్నీ అభిమానులు ఒక వైపు, రెడ్స్ మూతపడినప్పటి నుంచి ఎదురుచూస్తున్న పెర్త్ వారు మరొక వైపు. మధ్యలో ఖండం వెడల్పంత దూరం. రెడ్‌క్లిఫ్‌లో పాతవారు, కొత్తవారు ఒకే గ్యాలరీలో కూర్చోగలిగారు, బేర్స్‌కు ఆ సౌకర్యం లేదు. కనుక పెర్త్‌లో ఉన్నవారు మెంబర్‌షిప్ మొదటి ఏడాదే తీసుకోవాలని కోరుతున్నాను. క్రషర్స్ చరిత్ర చూస్తే, జట్టు ఓడుతున్న రెండో, మూడో ఏట కుర్చీలో ఎవరు మిగిలారన్న దానిపైనే అంతా ఆధారపడింది. 2028లో చేరనున్న పాపువా న్యూగినీ జట్టుకు అభిమానుల కొరత ఎన్నటికీ రాదు, అక్కడ ఇది జాతీయ క్రీడ. ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లలో 60 కోట్ల డాలర్లు ఇస్తోంది. పోర్ట్ మోర్స్‌బీలో సామాన్యుడికి టికెట్ అందుబాటులో ఉండేలా చూడటమే ఆ క్లబ్ ముందున్న పని.

బ్రిస్బేన్ వారికి నా సూచన ఇది. ఏ జట్టూ లేని కుటుంబమైతే మొదటి ఏడాది అన్ని మ్యాచ్‌ల రిజర్వ్‌డ్ సీటు తీసుకోవద్దు. కొన్ని మ్యాచ్‌లే ఉండే చిన్న మెంబర్‌షిప్ ఎంచుకుని, షెడ్యూల్ రాగానే రెడ్‌క్లిఫ్ మ్యాచ్ ఒకటి, సొంత డెర్బీ ఒకటి ముందుగా ఖాయం చేసుకోవాలి. రెడ్‌క్లిఫ్ టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి కొనే ముందు ఆ మెంబర్‌షిప్‌లో ఆ మైదానం కలిసి ఉందో లేదో చదివి చూసుకోవాలి. శాకాహారులు ఇంట్లోనే భోజనం చేసి బయలుదేరడం మంచిది. నార్త్ లేక్స్, మ్యాంగో హిల్ వైపు ఉండేవారికి కిప్పా-రింగ్ రైలు దగ్గరే కనుక, పిల్లలు ఆటపై మనసు పడితే రెండో ఏడాది పూర్తి సీజన్ సీటుకు మారడానికి నేను వెనకాడను.