కత్తా, కత్తెరా, రంపమా? పెరటి కొమ్మలకు ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెరడున్న ఇంట్లో కత్తి లేకుండా ఉండదు. కొబ్బరి మట్ట చీల్చాలన్నా, అరటి గెల దించాలన్నా, మునగ కొమ్మ నరకాలన్నా అదే. మొదటి రెండు పనుల్లో దానికి సాటి లేదు. చిక్కంతా మూడో పనిలోనే.

పచ్చి కొమ్మకు ఊపు ఎక్కువ. వేటు పడగానే అది వెనక్కి వంగుతుంది, కత్తి పక్కకు జారుతుంది. జారిన కత్తి పోయేది మోకాలి మీదకో, కొమ్మ పట్టుకున్న ఎడమచేతి మీదకో. చెట్టుకూ చేటే. మునగ కర్ర మెత్తన కాబట్టి సగం తెగేసరికి కొమ్మ బరువుకు విరిగి, మాను మీది బెరడును కూడా లాక్కుపోతుంది. ఆ గాయంలో వాననీరు దిగితే కుళ్లు మొదలవుతుంది.

బొటనవేలి లావు లోపు కొమ్మలకు, అంటే సుమారు 2 సెంటీమీటర్ల వరకు, సికేచరే (కొమ్మలు కత్తిరించే చేతి కత్తెర) మేలు. మందార, గులాబీ, నిమ్మ, గోరింట కంచె అన్నీ దీనితోనే. కొనేటప్పుడు రెండు అలుగులూ కత్తెరలా ఒకదాని పక్కనుంచి ఒకటి జారేది చూసుకోవాలి. ఒకే అలుగు చదును పలక మీద నొక్కే రకం ఎండు పుల్లలకు పనికొస్తుంది, పచ్చి కొమ్మను మాత్రం చితకేస్తుంది. పదునైన అలుగు చెట్టున మిగిలే భాగం వైపు ఉండాలి. తెగకపోతే మెలిపెట్టొద్దు: బోల్టు వదులై, అలుగుల మధ్య సందు పడి, ఆ తర్వాత ప్రతి పుల్లా అందులోనే ఇరుక్కుంటుంది.

అంతకన్నా లావైతే వంపు తిరిగిన చేతి రంపం. దీని పళ్లు పిడి వైపు వాలి ఉంటాయి. లాగినప్పుడే కోస్తుంది, తోస్తే రేకు వంగుతుంది. వడ్రంగి రంపం పచ్చి కర్రలో బిగుసుకుపోతుంది, దాన్ని అడిగి తెచ్చుకోవడం దండగ. రంపంతో కోసినా ఒకే కోత పెడితే బెరడు చీలడం తప్పదు. మానుకు 30 సెంటీమీటర్ల దూరంలో ముందు కింది నుంచి మూడో వంతు కోయాలి. దానికి నాలుగు వేళ్లు అవతల పైనుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా రాలుతుంది. మిగిలిన మోడును మాను దగ్గరి ఉబ్బు కట్టుకు ఆనుకుని, ఆ కట్టు తెగకుండా తీసేయాలి. గాయం పూడ్చుకునే కణజాలం అందులోనే ఉంటుంది. కోత మీద బోర్డో పేస్టు పూయొచ్చు: 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం వేర్వేరుగా అరేసి లీటరు నీటిలో కరిగించి కలపాలి. ఇనుప పాత్ర వద్దు, ప్లాస్టిక్ బకెట్టు చాలు.

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరులో వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరులో. అందుకే సెప్టెంబరు దాటుతుంటే అందరూ ఒక్కసారే కొమ్మల మీద పడతారు. ఎండు కొమ్మలు, ఇంటి కప్పు మీదకు వాలినవి అప్పుడు తీసినా ఫరవాలేదు. మామిడి పచ్చి కొమ్మలు మాత్రం కాపు దిగగానే, జూన్-జులైలోనే కోయాలి. ఆలస్యమైతే చలికాలంలో పూతకు బదులు చిగురేస్తుంది.

ఎత్తు కొమ్మలకు నిచ్చెనా, దోటా? దోటే. నిచ్చెన మీద ఒక చెయ్యి పట్టుకు, ఒక చెయ్యి రంపానికి పోతే తూలిన క్షణాన ఆసరా ఉండదు. పైగా కోసే కొమ్మకే నిచ్చెన ఆనించేవాళ్లు తక్కువేం కాదు. అయితే ఇనుప పైపు దోటి కరెంటు తీగల దగ్గరకు పోకూడదు. వెదురైనా తడిగా ఉంటే షాక్ కొడుతుంది. తీగకు తగిలే కొమ్మను ఎవరూ కోయొద్దు, 1912కు ఫోన్ చేసి విద్యుత్ సంస్థవారిని పిలవాలి.

మొద్దు అలుగుకు బలం ఎక్కువ పెట్టాలి, అందుకే అదే ఎక్కువ జారుతుంది. సికేచర్‌ను ఏటవాలు వైపు మాత్రమే సానపట్టాలి. తెగులు కొమ్మ కోశాక స్పిరిట్‌తో తుడిచాకే పక్క చెట్టు ముట్టుకోవాలి. కత్తి పిడి పొన్ను వదులైతే ఆ పూట దాన్ని పక్కన పెట్టడమే. చెయ్యి తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. మధ్యమధ్యలో తీసి చూస్తే నెత్తురు ఆగదు. లోతు గాయమైతే ఆసుపత్రికి వెళ్లి కుట్లు, ధనుర్వాతం ఇంజెక్షను అవసరమేమో చూపించుకోవాలి.

భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఉప్పుగాలి తగిలే ఊళ్లలో రంపం వారం తిరక్కుండానే తుప్పు పడుతుంది. పని కాగానే సొన తుడిచి కొబ్బరినూనె రాయాలి. పనస జిగురు కూడా నీళ్లకు కాదు, ఆ నూనెకే వదులుతుంది.