షెడ్డులోంచి తీసిన పద్మినీ కొంటున్నారా? స్టార్ట్ చేసిన వీడియో చూసి అడ్వాన్సు ఇవ్వకండి

పద్మినీ, అంబాసిడర్ లాంటి పాత బండి కొనాలనుకుంటున్న వాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఏళ్ళ తరబడి షెడ్డులో పడున్న బండిని బయటికి లాగి, కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి, "చూశారా, ఒక్క సెల్ఫుకే అందుకుంది" అంటూ వీడియో పంపుతున్నారు. నేను కొన్న 1975 మోడల్ ప్రీమియర్ పద్మినీ అలా వచ్చిందే. దాని ఇంజిన్ చెడిపోయింది షెడ్డులో కాదు, ఆ సెల్ఫ్ కొట్టినప్పుడు.

అమ్మింది హైదరాబాద్ శివార్లలో పాత కార్లు బాగుచేసి ఇచ్చే వ్యాపారి. పేరు రాయను, చేసింది చెప్తాను. నేను చూడ్డానికి వెళ్ళేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. ఐడ్లింగ్ నిలకడగా ఉంది, పొగ లేదు. విజయవాడ తెచ్చుకున్నాక మాత్రం ఎంతో కాలం పట్టలేదు: నీలం పొగ, మిస్సింగ్, పైన టకటకమని చప్పుడు. ఆటోనగర్‌లో మేస్త్రి హెడ్ (ఇంజిన్ పైమూత) విప్పి చూపిస్తే నోట మాట రాలేదు. ఒక బోరులో (పిస్టన్ పైకీ కిందికీ ఆడే సిలిండర్ గొట్టం) పిస్టన్ రింగులు ఆనుకునే చోట తుప్పు చార, దాని మీదుగా నిలువునా గీతలు, విరిగిన రింగు ముక్క. వాల్వును తెరిపించే కడ్డీ, అంటే పుష్ రాడ్, ఒకటి వంగిపోయి ఉంది. సంప్‌లోంచి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించిన ఆయిల్ బంకలా సాగుతోంది. పొగ, చప్పుడు బయటపడకుండా ఆయిల్‌లో చిక్కటి మందు కలిపారని మేస్త్రి వేళ్ళ మధ్య రాసి చూసి చెప్పేశాడు.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తేనే అమ్మేవాళ్ళను సరైన ప్రశ్న అడగగలం. పద్మినీది 1089 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్. అది ఎక్కడ ఆగినా ఏదో ఒక సిలిండర్‌లో వాల్వు తెరుచుకునే ఉంటుంది. వానాకాలాల తేమ అందులోంచి లోపలికి చేరి బోరుకు తుప్పు పట్టిస్తుంది, రింగులు గోడకు అతుక్కుంటాయి. వాల్వు కాడలు అవి ఆడే గొట్టాల్లో (గైడుల్లో) బిగుసుకుంటాయి. బేరింగుల మీదుండే ఆయిల్ అంతా సంప్‌లోకి జారిపోతుంది. అప్పుడు సెల్ఫ్ కొడితే స్టార్టర్ మోటారు ఇవేవీ చూడదు. అతుక్కున్న రింగు విరుగుతుంది, కదలని వాల్వును నెట్టబోయి పుష్ రాడ్ వంగుతుంది, బేరింగులు పొడిగా ఒరుసుకుంటాయి.

చేయాల్సిన పని పెద్ద ఖర్చేమీ కాదు, కావాల్సింది ఓపిక. నాలుగు ప్లగ్గులూ తీసి ప్రతి బోరులో కొంచెం పలుచటి ఆయిల్ పోసి కొన్ని రోజులు నాననివ్వాలి. తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకు పానా పెట్టి చేత్తో తిప్పాలి. తిరగకపోతే బలం ఉపయోగించకుండా మళ్ళీ నానబెట్టాలి. వాల్వ్ కవర్ తీసి ఎనిమిది వాల్వులూ లేచి దిగుతున్నాయో లేదో చూడాలి. పాత ఆయిల్ దించి కొత్తది పోసి, ప్లగ్గులు లేకుండానే ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫుతో తిప్పాలి. స్టార్ట్ చేయడం వీటన్నిటి తర్వాతే. ఆ వ్యాపారి వీటిలో ఒక్కటీ చేయలేదని నేను గట్టిగా అడిగాక ఫోనులో ఒప్పుకున్నాడు. "ఫియట్ ఇంజిన్ సార్, దానికి ఇవన్నీ అక్కర్లేదు" అన్నాడు! అలా అన్నవాళ్ళ దగ్గర బండి కొనకండి.

పెట్రోలు సంగతి కూడా. నిలవున్న పెట్రోలు జిగురై కార్బురేటర్ జెట్లను మూసేస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది, అది తేమను పీల్చుకుంటుంది, ఆ కాలం నాటి రబ్బరు పైపులనూ పంపు డయాఫ్రమ్‌నూ పాడుచేస్తుంది. చీలిన పైపులోంచి వేడి మానిఫోల్డ్ మీద పెట్రోలు కారితే బండే తగలబడుతుంది. పైపులు మార్చారా అని అడగడం కాదు, బానెట్ ఎత్తి తడిమి చూడండి.

బండి చూడ్డానికి వెళ్ళేటప్పుడు "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పండి. వెళ్ళగానే బ్లాకు మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటరు) ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండి. నాలుగు సిలిండర్ల రీడింగుల మధ్య తేడా పది శాతం దాటకూడదు. ఒకటి తక్కువొస్తే ఆ బోరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడమనండి. పెరిగితే లోపం రింగుల్లోనో బోరులోనో ఉంది, పెరగకపోతే ఎక్కువగా వాల్వుల్లో. ఫోనుకు తగిలించే బోర్‌స్కోప్ కెమెరాను ప్లగ్గు రంధ్రంలోంచి దించితే తుప్పు కళ్ళకు కనబడుతుంది.

గొడవ పెట్టుకున్నాక నాకిచ్చిన మాట మరీ దారుణం: "స్క్రాపులో ఇంకో ఇంజిన్ ఉంది, వేసిచ్చేస్తా." ఆర్సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది, వేరే బ్లాకు వేస్తే ఆర్టీవో దగ్గర చిక్కులు. పైగా 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. వింటేజ్ అని చెప్పి ధర పెంచి అమ్మినవాడే ఆ అర్హత పోగొట్టే పనికి సిద్ధపడ్డాడు. నేను ఒప్పుకోలేదు. నా బ్లాకు ఇప్పుడు లేత్ దగ్గర ఉంది, ఆ బోరుకు స్లీవు (లోపల తొడిగే కొత్త గొట్టం) వేయిస్తున్నాను.

అదే షెడ్డులోంచి ఈమధ్య ఒక అంబాసిడర్‌ను బయటికి తీశారని తెలిసింది. దాన్ని ఇంకా స్టార్ట్ చేయకపోతే, మీ కళ్ళ ముందే ప్లగ్గులు తీయించి చేత్తో తిప్పించండి. ఇప్పటికే వీడియో వచ్చేసి ఉంటే, గేజ్ పెట్టకుండా ధర మాట కూడా ఎత్తకండి.