కుర్దులకు ఏది మేలు: ఎర్బిల్ దారా, దియార్‌బకిర్ దారా?

టర్కీలో 2014 వరకు డబ్ల్యూ అనే అక్షరం రాయడం నేరం. వసంతం మొదటి రోజు, మార్చి 21న, కుర్దులు మంటలు రాజేసి చుట్టూ ఆడుతూ జరుపుకునే నెవ్రోజ్ పండుగ పేరును వాళ్ల భాషలో ఆ అక్షరంతోనే రాస్తారు. టర్కులు అదే పండుగను వి అక్షరంతో నెవ్రూజ్ అని రాస్తారు. 1928 నాటి లిపి చట్టంలో క్యూ, డబ్ల్యూ, ఎక్స్ లేవు. అందుకని ఆ అక్షరాలున్న కుర్దిష్ పేరు పెట్టిన బిడ్డను జనన నమోదు కార్యాలయంలో ఆ పేరుతో రాసుకునేవారు కాదు. పండుగ నాడు ప్లకార్డు మీద రాసినవారికి జరిమానాలు పడ్డాయి. టీవీ ఛానెల్ పేరులో అదే డబ్ల్యూ కనిపిస్తే మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. కుర్దు రాస్తేనే అది నేరమైంది.

ఈ సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. కుర్దుల గురించి మన దగ్గర ఎప్పుడు మాట వచ్చినా అది పటం మీదికే పోతుంది. టర్కీ, ఇరాక్, ఇరాన్, సిరియా అనే నాలుగు దేశాల మధ్య చీలిపోయిన జాతి, సొంత దేశం లేని జాతి అంటాం. భాషకో రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు ప్రాణం ఇచ్చిన నేల మనది కాబట్టి, ఒక గీత గీస్తే చిక్కు విడిపోతుందని అనుకోవడం మనకు సహజం. టర్కీలోని కుర్దుల విషయంలో ఆ ఆలోచన సరిపోదని నా నమ్మకం. ఎందుకో తేలాలంటే వాళ్ల ముందున్న దారులను పక్కపక్కన పెట్టి చూడాలి.

సొంత దేశం అనే దారి గురించి ఎక్కువసేపు మాట్లాడనక్కర లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన ఒట్టోమన్ సామ్రాజ్యాన్ని పంచుతూ 1920లో కుదిరిన సెవ్ర్ ఒప్పందం కుర్దులకు స్వయంపాలనను, తరువాత స్వాతంత్ర్యం కోరుకునే అవకాశాన్ని కాగితం మీద ఇచ్చింది. మూడేళ్లు తిరక్కుండానే, 1923 జూలై 24న కుదిరిన లోజాన్ ఒప్పందంలో కుర్దుల ఊసే లేదు. అందులో మైనారిటీలుగా గుర్తింపు దొరికింది ముస్లిమేతరులకు మాత్రమే. 1946లో ఇరాన్‌లోని మహాబాద్‌లో పుట్టిన కుర్దు గణతంత్రం ఏడాది కూడా నిలవలేదు. దాని అధ్యక్షుడు ఖాజీ మహమ్మద్‌ను మరుసటి ఏడాది ఉరితీశారు. 2017 సెప్టెంబర్ 25న ఇరాకీ కుర్దులు ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే దాదాపు 93 శాతం మంది స్వాతంత్ర్యం కావాలన్నారు. మూడు వారాలు గడిచేసరికి ఇరాక్ సైన్యం కిర్కుక్‌లోకి వచ్చేసింది. చుట్టూ ఉన్న నాలుగు రాజధానులూ ఒక్కటై అడ్డుపడే ఏకైక విషయం ఇది. పైగా సెవ్ర్ ఒప్పందం టర్కుల మనసుల్లో దేశం ముక్కలైపోతుందనే భయాన్ని ఎంత లోతుగా నాటిందంటే, వందేళ్లు దాటినా కుర్దుల చిన్న కోరిక కూడా వాళ్ల చెవికి విభజనలాగే వినిపిస్తుంది. ఆ భయాన్ని వెక్కిరించి లాభం లేదు. దాన్ని లెక్కలోకి తీసుకోని పరిష్కారం ఏదీ టర్కీలో నిలబడదు.

ఇక అసలు పోలిక రెండు దారుల మధ్య. ఒకటి ఇరాక్‌లో ఎర్బిల్ రాజధానిగా నడుస్తున్న స్వయంపాలన. రెండోది, టర్కీ ఆగ్నేయాన ఉన్న కుర్దుల ప్రధాన నగరం దియార్‌బకిర్ పేరుతో నేను చెప్పే దారి, సరిహద్దులు కదల్చకుండా, టర్కీలోనే సమాన పౌరులుగా, తమ భాషతో, తాము ఎన్నుకున్న మేయర్లతో బతకడం.

ఎర్బిల్ సాధించింది చిన్నది కాదు. 1988 మార్చి 16న హలబ్జా పట్టణం మీద సద్దాం హుస్సేన్ విమానాలు విషవాయువు వదిలితే సుమారు 5,000 మంది చనిపోయారు. ఆ నేల మీదే 1992లో కుర్దులు తమ చట్టసభను ఎన్నుకున్నారు. 2005 ఇరాక్ రాజ్యాంగం అరబిక్‌తో పాటు కుర్దిష్‌ను దేశానికి అధికార భాషను చేసింది. అక్కడి పిల్లలు ఒకటో తరగతి నుంచి తమ భాషలోనే చదువుతారు. దుకాణం బోర్డు, కోర్టు కాగితం, మందుల చీటీ, బడి పుస్తకం అన్నింటిలోనూ తన భాష కనిపించే జీవితం ఎలా ఉంటుందో టర్కీలోని కుర్దులకు ఎర్బిల్ వెళ్తే తప్ప తెలియదు. ఈ ఒక్క విషయంలో ఎర్బిల్‌కు సాటి లేదు.

అయితే ఆ ఇంటి లోపలికి వెళ్లి చూస్తే గోడలు బీటలు వారి ఉన్నాయి. ఎర్బిల్, దుహోక్ బార్జానీ కుటుంబం పార్టీ చేతిలో, సులేమానియా తలబానీ కుటుంబం పార్టీ చేతిలో ఉన్నాయి. 1994 నుంచి 1998 దాకా ఈ రెండు పక్షాలూ ఒకదాన్ని ఒకటి చంపుకున్నాయి. 1996 ఆగస్టు 31న తలబానీ మనుషులను ఎర్బిల్ నుంచి తరమడానికి బార్జానీ సాయం అడిగింది సద్దాం సైన్యాన్ని. హలబ్జా జరిగి అప్పటికి ఎనిమిదేళ్లే. ఆ చరిత్ర చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఇప్పటికీ పెష్మెర్గా అనే కుర్దు సాయుధ దళాలు పూర్తిగా ఒకే నాయకత్వం కిందికి రాలేదు. బాగ్దాద్‌తో తగవు వచ్చినప్పుడల్లా ఉపాధ్యాయుల జీతాలు నెలల తరబడి ఆగిపోతాయి. చమురు పోవాల్సింది టర్కీలోని జెయ్‌హాన్ రేవుకు. 2023 మార్చిలో ఆ గొట్టం మూతపడితే మళ్లీ తెరుచుకున్నది 2025 సెప్టెంబర్‌లో. బాగ్దాద్ నుంచి దూరం జరిగిన కొద్దీ టర్కీ రాజధాని అంకారా మీద ఆధారపడక తప్పలేదు.

అంకారాకు కూడా ఎర్బిల్‌తో పేచీ లేదన్నది గమనించాలి. 2013 నవంబర్‌లో అప్పటి టర్కీ ప్రధాని ఎర్డోగాన్, ఇరాకీ కుర్దుల నేత మసూద్ బార్జానీ దియార్‌బకిర్‌లో ఒకే వేదిక ఎక్కారు. ఎర్డోగాన్ నోట అక్కడ 'కుర్దిస్తాన్' అన్న మాట వచ్చింది. సరిహద్దు అవతల కుర్దు ప్రభుత్వంతో వ్యాపారం చేయగల రాజ్యానికి, ఇవతల కుర్దు పిల్లవాడి పాఠ్యపుస్తకం దగ్గరే ఇబ్బంది.

ఎర్బిల్ నమూనాను టర్కీకి తెస్తే కుదురుతుందా అన్నది తరువాతి ప్రశ్న. కుదరదని చెప్పడానికి నాకు కనిపించే బలమైన కారణం సైన్యమో రాజ్యాంగమో కాదు, ఇస్తాంబుల్. టర్కీ జనాభాలో కుర్దులు 15 నుంచి 20 శాతం ఉంటారని అంచనా. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కుర్దులున్న నగరం ఇస్తాంబుల్ అని అంటారు. 1990లలో సైన్యం ఆగ్నేయ ప్రాంతంలో 3,000కు పైగా పల్లెలను, గూడేలను ఖాళీ చేయించింది. ఆ జనం దియార్‌బకిర్ శివార్లకు, మెర్సిన్, అదానా, ఇజ్మీర్, ఇస్తాంబుల్ వాడలకు చేరారు. వాళ్ల పిల్లలు అక్కడే పుట్టారు, టర్కుల ఇళ్లలో పెళ్లిళ్లు చేసుకున్నారు. దియార్‌బకిర్ చుట్టూ ఒక గీత గీస్తే వాళ్లందరూ గీత బయటే ఉండిపోతారు. మన అనుభవమూ ఇదే చెబుతుంది. తెలుగువారికి రాష్ట్రం వచ్చింది. కానీ సరిహద్దు అవతల మిగిలిన హోసూరు తెలుగువారికి, ముఖ్యంగా 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక, పిల్లల తెలుగు చదువు కోసం పోరాటం తప్పలేదు. మనిషి ఎక్కడుంటే హక్కు అక్కడ ఉండాలి.

తుపాకీ దారి ఫలితం ఏమిటో నలభై ఏళ్లలో తేలిపోయింది. 1978లో అబ్దుల్లా ఒజలాన్ నాయకత్వంలో పుట్టిన పీకేకే (కుర్దిస్తాన్ కార్మికుల పార్టీ) 1984 ఆగస్టు 15న ఎరూహ్, షెమ్దిన్లీ పట్టణాల మీద దాడులతో యుద్ధం మొదలుపెట్టింది. అప్పటినుంచి 40,000 మందికి పైగా చనిపోయారు. పల్లెబడుల్లో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులను కూడా పీకేకే వదల్లేదు. అనతోలియా పల్లెల్లో కొడుకు శవపేటిక కోసం ఎదురుచూసిన టర్కు తల్లుల దుఃఖం కుర్దు తల్లుల దుఃఖం కంటే తక్కువది కాదు. ఈ మాట చెప్పకుండా కుర్దుల పక్షాన మాట్లాడటం నాకు చేతకాదు.

అలాగే ఆ యుద్ధం ఏ బావిలోంచి నీళ్లు తాగిందో కూడా చెప్పాలి. 1980 సైనిక కుట్ర తరువాత దియార్‌బకిర్ సైనిక జైలు గోడ మీద 'టర్కిష్ మాట్లాడు, ఎక్కువగా మాట్లాడు' అని రాసి ఉండేది. ఖైదీలను చూడటానికి పల్లెల నుంచి వచ్చే తల్లులకు టర్కిష్ రాదు. కుర్దిష్ మాట్లాడనివ్వరు. కొడుకు ముఖం వంక చూసి, ఏమీ అనకుండా, కేటాయించిన నిమిషాలు అయిపోగానే తిరిగి వెళ్లేవారు. ఆ జైలు నుంచి బయటికి వచ్చినవాళ్లలో ఎందరో నేరుగా కొండలెక్కారు.

మాటతో పోరాడినవాళ్లకూ జైలే దక్కింది. 1991లో పార్లమెంటుకు ఎన్నికైన లేలా జానా, ప్రమాణం టర్కిష్‌లో చదివాక చివర ఒక వాక్యం కుర్దిష్‌లో చెప్పారు. టర్కు, కుర్దు ప్రజల సోదరభావం కోసం ఈ ప్రమాణం చేస్తున్నానని. సభ అట్టుడికిపోయింది. మూడేళ్ల తరువాత ఆమెను అరెస్టు చేసి, 15 ఏళ్ల శిక్ష వేశారు. 2004లో గానీ విడుదల కాలేదు.

ఇప్పటి పరిస్థితి అంతకంటే మెరుగని ఒప్పుకోవాలి. 2009 జనవరి 1న ప్రభుత్వమే కుర్దిష్ టీవీ ఛానెల్ పెట్టింది. 2012 నుంచి బడిలో అయిదో తరగతి మొదలు కుర్దిష్ ఐచ్ఛిక పాఠంగా వచ్చింది. కానీ అది వారానికి రెండు గంటలు. తరగతి నడవాలంటే కనీసం పదిమంది విద్యార్థులు కోరుకోవాలి. 1982 రాజ్యాంగం 42వ అధికరణం ప్రకారం విద్యాసంస్థల్లో టర్కిష్ తప్ప మరే భాషనూ మాతృభాషగా బోధించకూడదు. ఇంట్లో నానమ్మతో మాట్లాడే భాష బడిలో వారానికి రెండు గంటల అతిథి.

మేయర్ల సంగతి ఇంకా బాధాకరం. మార్దిన్ నగరానికి అహ్మెత్ తుర్క్ అనే వృద్ధ కుర్దు నాయకుడు 2014లో, 2019లో, 2024లో మేయర్‌గా గెలిచారు. మూడుసార్లూ ప్రభుత్వం ఆయనను తొలగించింది. ఆ కుర్చీలో 'కయ్యుమ్' అనే నియమిత అధికారిని కూర్చోబెట్టింది. 1934 చట్టం ఇంటిపేర్లు టర్కిష్‌లోనే ఉండాలంది కాబట్టి ఆయన ఇంటిపేరు కూడా తుర్క్, అంటే టర్కు. రాజ్యం ఇచ్చిన పేరు పెట్టుకున్నా, ఎన్నికల్లో నిలిచి గెలిచినా, ఓటు వేసినవారి మాట చెల్లలేదు. పార్లమెంటులో 80 స్థానాలు గెలిచిన, కుర్దుల పక్షాన నిలిచే పార్టీని 2015లో నడిపించిన సెలహత్తిన్ దెమిర్తాష్ 2016 నవంబర్‌లో జైలుకు వెళ్లారు.

ఇన్ని దెబ్బలు తిన్న దారినే మేలైనదని ఎలా అంటావని ఎవరైనా అడగవచ్చు. నా జవాబు ఇది. ఈ దారిలో అడ్డం ఉన్నవి కొన్ని అధికరణాలు, ఒక నియామక పద్ధతి. మార్చాలనుకుంటే పార్లమెంటులో మార్చగలిగినవి. ఎర్బిల్ దారి టర్కీలో తెరవాలంటే లక్షల కుటుంబాలను మళ్లీ కదిలించాలి, మళ్లీ ఎవరి నేల ఎవరిదని కొట్టుకోవాలి. ఒజలాన్ కూడా చివరికి ఇటే వచ్చారు. 1999 నుంచి ఇమ్రాలీ ద్వీపం జైలులో ఉన్న ఆయన 2025 ఫిబ్రవరి 27న పంపిన పిలుపులో, వేరే దేశం గానీ, సమాఖ్య గానీ, స్వయంపాలన గానీ జవాబు కాలేవన్నారు. పీకేకేను రద్దు చేయమన్నారు. మే నెలలో ఆ సంస్థ రద్దు ప్రకటించింది. జూలై 11న సులేమానియా దగ్గర ముప్పై మంది గెరిల్లాలు తమ తుపాకులను ఒక పెద్ద కాగులో వేసి నిప్పు పెట్టారు. ఈ పిలుపుకు ముందు తలుపు తట్టింది కరడుగట్టిన టర్కు జాతీయవాది దెవ్లెత్ బహ్చెలి కావడం నాకు ఆశ కలిగించే విషయం.

ఎర్బిల్ నుంచి మాత్రం ఒక్కటి తెచ్చుకుని తీరాలి. బడి. ఒకటో తరగతి నుంచి కుర్దిష్ చదువు, దాంతోపాటు టర్కిష్, దియార్‌బకిర్‌లోనైనా ఇస్తాంబుల్‌లోనైనా. స్వయంపాలన లేకుండానే అది సాధ్యం. అది లేకుండా సమాన పౌరసత్వం అనే మాటకు అర్థం లేదు.

ఈ దారికి న్యాయస్థానం కూడా కావాలి, అక్కడే నాకు భయం. దియార్‌బకిర్ పాతనగరం సూర్‌లో నాలుగు రాతి స్తంభాల మీద నిలబడిన ఒక మినార్ ఉంది. 2015 నవంబర్‌లో ఘర్షణల్లో దాని స్తంభానికి తూటాలు తగిలాయి. న్యాయవాదుల సంఘం అధ్యక్షుడు తాహిర్ ఎల్చి ఆ నెల 28న దాని పక్కనే నిలబడి, ఇక్కడ తుపాకులు వద్దు, ఘర్షణలు వద్దు, సైనిక చర్యలు వద్దు అని విలేకరులకు చెప్పారు. కొద్ది నిమిషాలకే, దగ్గరలో ఇద్దరు పోలీసులను కాల్చి పారిపోతున్న పీకేకే మనుషుల మీద పోలీసులు కాల్పులు జరుపుతుండగా, తలకు తూటా తగిలి ఆ మినార్ కిందే పడిపోయారు. 2024 జూన్‌లో కోర్టు ముగ్గురు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. ఆ తూటా ఎవరిదో ఏ కోర్టూ చెప్పలేదు.