ఎంఎస్ చదువుతూ పని: డైనింగ్ హాలా, టీచింగ్ అసిస్టెంట్ (టీఏ) పనా?

అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి) వీసాపై ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయాలి. రెండు చోట్ల చేసినా కలిపి అంతే.

డైనింగ్ హాల్ (క్యాంపస్ భోజనశాల) పని మొదటి సెమిస్టర్‌లోనే దొరకొచ్చు. ఆఫర్ లెటర్ చేతికొస్తే జీతం, పన్ను లెక్కలకు వాడే సోషల్ సెక్యూరిటీ నంబర్‌కు దరఖాస్తు చేసుకునే వీలుంటుంది. చాలాచోట్ల షిఫ్టు రోజు తిండి ఖర్చూ తగ్గుతుంది. జీతం మాత్రం సరుకులకు, అద్దెలో కొంతకు సరిపోతుందంతే, ఫీజుకు ఆనదు. అసలు దెబ్బ క్లోజింగ్ షిఫ్టుతోనే. గిన్నెలు, నేల కడిగి గదికి చేరేసరికి అర్ధరాత్రి, పొద్దున క్లాసులో కునికిపాట్లు. మిడ్‌టర్మ్ వారంలో షిఫ్టు మార్చుకుందామంటే అందరికీ పరీక్షలే. సిలబస్ రాగానే ఆ తేదీలు సూపర్‌వైజర్‌కు చెప్పేయాలి.

టీఏ, అంటే ప్రొఫెసర్‌కు బోధనలో, పేపర్లు దిద్దడంలో సాయపడే పని, దొరకడం కష్టం; చాలా విభాగాల్లో పీహెచ్‌డీ వాళ్లకే ముందు. దొరికితే స్టైపెండ్‌తోపాటు ఫీజు మినహాయింపూ రావచ్చు. అది పూర్తిగానా, సగమా, ఇతర ఫీజులు ఎవరు కట్టాలి అన్నది లెటర్‌లో చూసుకోవాలి. దిద్దాల్సిన పేపర్ల కట్ట సరిగ్గా మీ పరీక్షలప్పుడే వచ్చిపడుతుంది. అయినా దొరికితే వదులుకోకూడనిది ఇదే.

బయట పెట్రోల్ బంకులో క్యాష్ పని అంటారా, అది వీసా స్టేటస్ (ఎఫ్-1 షరతుల) ఉల్లంఘన. ఈ పోలికలో దానికి చోటే లేదు.