మా స్కూలు కొన్న 'డ్రగ్స్ అవగాహన' ప్యాకేజీ: 5కి 2

బెంగళూరులో స్కూళ్ల చుట్టూ ఇప్పుడు డ్రగ్స్ అవగాహన కార్యక్రమాలు అమ్మే ప్రైవేటు సంస్థలు బాగా తిరుగుతున్నాయి. కె.ఆర్.పురం వైపున్న మా హైస్కూల్లో ఈ ఏడాది అలాంటి ప్యాకేజీ ఒకటి పెట్టించారు. సంస్థ పేరు రాయను. మా హెచ్.ఎం. టేబుల్ మీదున్న మిగతా బ్రోషర్లు కూడా చూశాను, అన్నిట్లోనూ ఇంచుమించు ఇదే సరుకు. తలకు 150 రూపాయలు, 8 నుంచి 10 దాకా పిల్లలందరికీ. దానికి రెండు గంటల సెషన్, గోడలకు పోస్టర్లు, చెయ్యి చాపి ఒక ప్రతిజ్ఞ, స్కూలుకు ఒక సర్టిఫికెట్. మాది మదనపల్లె, ఇక్కడ లెక్కల టీచర్ని. పిల్లలతోపాటు వెనక బెంచీలో కూర్చుని మొత్తం చూశాను.

ముందు మంచి చెప్తాను. టైముకు వచ్చారు. మైకు, ప్రొజెక్టర్ వాళ్లవే. పిల్లల్ని నిలబెట్టి 'నువ్వు తాగుతావా?' అని అడిగి సిగ్గుపడేలా చేయలేదు, అది పెద్ద విషయం. పేరు లేకుండా ప్రశ్నలు రాసి వేయమని, మూతకు చీలిక పెట్టిన ఒక చెప్పుల డబ్బా తిప్పారు. నేనిచ్చిన 2 మార్కుల్లో ఎక్కువ భాగం ఆ డబ్బాకే.

ఇక పాఠం సంగతి. మొదటి స్లైడు కొకైన్. తర్వాత ఎల్‌ఎస్‌డీ, ఎండీఎంఏ, వాటి రంగులు, బయట వాటిని పిలిచే ముద్దుపేర్లు. పాడైపోయిన పళ్లు, ఊపిరితిత్తుల ఫొటోలు. అంతా ఇంగ్లీషులో, మధ్యమధ్య హిందీ. మా పిల్లల ఇళ్లలో మాట్లాడేది కన్నడ, తెలుగు, తమిళం. కదిరి నుంచి, అనంతపురం నుంచి కట్టడం పనులకు వచ్చిన కుటుంబాల పిల్లలు మా దగ్గర చాలామంది. చివర్లో ఒకప్పుడు అలవాటుపడి బయటపడిన ఒక యువకుడు తన కథ చెప్పాడు. ఆ అబ్బాయి ధైర్యానికి నాకు నిజంగా గౌరవం కలిగింది. కానీ పక్క వరసలో తొమ్మిదో తరగతి పిల్లలు గుసగుసగా మాట్లాడుకున్నది అతను పడ్డ కష్టం గురించి కాదు, మొదటిసారి తీసుకున్నప్పుడు ఎలా ఉందని చెప్పాడో దాని గురించి.

టైమ్ అయిపోయిందని ప్రశ్నల డబ్బా తెరవకుండానే మా చేతికిచ్చి వెళ్లిపోయారు. మా బయాలజీ టీచరూ నేనూ స్టాఫ్ రూమ్‌లో కూర్చుని తెరిచాం. గళ్ల నోటుబుక్కుల్లోంచి చింపిన చీటీలు, నాలుగు మడతలు పెట్టినవి. కొకైన్ గురించి ఒక్కటీ లేదు. సగానికి పైగా ఇంట్లో తాగేవాళ్ల గురించి. ఒక చీటీలో కన్నడ అక్షరాలతో తెలుగు రాసి ఉంది: 'మా నాయన దినామూ తాగొస్తాడు, అమ్మ ఏడుస్తాది. నాయనకు ఎవురు చెప్తారు?' కొన్నిట్లో పెదవి కింద పెట్టుకునే పొగాకు పొట్లం గురించి: దాన్ని మింగితే ఏమవుతుంది, నోట్లో పుండు పడితే క్యాన్సరేనా అని. రెండు మూడు వైట్‌నర్ వాసన గురించి. 'ఆ సార్ చెప్పినవేవీ మా ఏరియాలో దొరకవు మిస్, దొరికేవి చెప్పలేదు' అని ఒక అబ్బాయి కారిడార్‌లో నాతో నేరుగానే అన్నాడు.

ఆ అబ్బాయి మాటకు దేశం లెక్కలు కూడా సాక్ష్యం చెప్తాయి. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసిన సర్వే నివేదిక 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో మద్యం తాగేవాళ్లు 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్ల మంది. గంజాయి, భంగు కలిపి 2.8 శాతం. కొకైన్ 0.1 శాతం. పిల్లల్లో పెద్దలకన్నా ఎక్కువగా కనిపించింది ఒక్కటే, వైట్‌నర్ లాంటి వాసన పీల్చే పదార్థాలు: 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 1.17 శాతం, పెద్దల్లో 0.58. మేం డబ్బిచ్చి పెట్టించుకున్న రెండు గంటల్లో ఈ వాసన పీల్చేవాటికి ఒక్క స్లైడు లేదు. మద్యానికి ఒకటి ఉంది, అదీ తాగి బండి నడపడం గురించి. పద్నాలుగేళ్ల పిల్లలకు!

సెషన్ నడిపిన తీరు గురించి కూడా చెప్పాలి. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల కార్యాలయం ఈ నివారణ పనికి ప్రమాణాలు 2013లో ప్రచురించింది, 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి సవరించింది. ఉపన్యాసం, భయపెట్టడం, ఒట్టి సమాచారం, బయటపడినవాళ్ల చేత కథ చెప్పించడం: వీటితో లాభం లేదు, ఒక్కోసారి నష్టమేనని అందులో స్పష్టంగా ఉంది. పనిచేసేవి వేరే. శిక్షణ పొందినవాళ్లు వారానికొకటి చొప్పున 10 నుంచి 15 క్లాసులు, పిల్లల చేత మాట్లాడిస్తూ, 'వద్దు' అనడం సాధన చేయిస్తూ నడిపేవి. తర్వాతి ఏళ్లలో మళ్లీ గుర్తుచేసేవి. తల్లిదండ్రులతో చేసేవి. మాకు అమ్మింది మొదటి కోవ సరుకు. సంస్థవాళ్లను 'మీ కార్యక్రమం తర్వాత పిల్లల్లో ఏం మారిందో ఎక్కడైనా కొలిచారా?' అని అడిగితే ఫీడ్‌బ్యాక్ ఫారాలు చూపించారు. 'సెషన్ నచ్చిందా?' అనే ప్రశ్న దగ్గర అందరూ నవ్వు ముఖానికి టిక్కు పెట్టారు.

అయితే తప్పంతా అమ్మేవాళ్ల మీద వేస్తే న్యాయం కాదు. ఏది కొనాలో స్కూలుకు చెప్పాల్సింది రాష్ట్రం. చెప్పాలంటే ముందు తన పిల్లల సంగతి దానికి తెలియాలి. జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను 2015-16లో నడిపింది ఇదే ఊళ్లో, హోసూరు రోడ్డులో ఉన్న మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో తమిళనాడు, కేరళ ఉన్నాయి. కర్ణాటక లేదు, ఆంధ్ర లేదు, తెలంగాణ లేదు. మా పిన్ని కూతురు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటుంది. అక్కడ రెండేళ్లకోసారి 6, 8, 10, 12 తరగతుల పిల్లల చేత పేరు లేకుండా సర్వే నింపిస్తారు. ఏ వయసులో ఏది మొదలవుతోంది, ఇంట్లో పరిస్థితేమిటి అన్నది జిల్లాలకు తెలుస్తుంది, నివారణ డబ్బు ఎటు పెట్టాలో దాన్నిబట్టి చూసుకుంటారు. మా చెప్పుల డబ్బా చేసిన పనే అది, రాష్ట్రం మొత్తానికి, పద్ధతిగా. కర్ణాటక మొదట పెట్టాల్సిన ఖర్చు ఇదేనని నా గట్టి అభిప్రాయం. చీటీలు కన్నడలో, తెలుగులో, తమిళంలో, ఉర్దూలో రాసుకోనివ్వాలి.

రెండోది, మనం ఇప్పటికే చేసినవాటి ఫలితం చూడటం. 2013లో ఇక్కడ గుట్కా నిషేధించారు. దుకాణాల్లో పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లంగా వేలాడుతున్నాయి, కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. స్కూలుకు 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదని చట్టం. కొనే వయసును కర్ణాటక ఇప్పుడు 21కి పెంచింది. పెంచాక తొమ్మిదో తరగతి పిల్లాడికి పొట్లం దొరకడం కష్టమైందా? 2007లో సారాయి ఆపేశారు. ఆ తాగేవాళ్లు మానేశారా, 90 ఎం.ఎల్. టెట్రా ప్యాకెట్‌కి మళ్లారా? మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో అక్షరాస్యత తరగతుల్లోంచి లేచి సారా దుకాణాలు మూయించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ మధ్యకాలంలో పెరిగిన పిల్లలు తర్వాత ఎలా ఉన్నారు? ఆంధ్ర నుంచి వచ్చినదాన్ని కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలదు. ఒక రాష్ట్రం ఇంతకంటే పనికొచ్చే పరిశోధన ఏం చేయించగలదు?

చీటీలు రాసిన పిల్లల కోసం మేం ఏం చేశామంటే, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేశాం. 2022 అక్టోబరులో మొదలైన ఉచిత సేవ ఇది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. తండ్రి తాగే ఇంట్లో పిల్లలతో ఏం మాట్లాడాలి, ఏం అనకూడదు అని అడిగితే అవతలి అమ్మాయి తొందరపడకుండా చెప్పింది. 'నాన్న తాగుడు మాన్పించే బాధ్యత నీది కాదు' అన్నమాట పిల్లలకు ముందు చెప్పమంది. అలవాటు మాన్పించే సాయానికి 14446 వేరే ఉంది. నిమ్హాన్స్‌లో దీనికోసమే ప్రత్యేక విభాగం ఉంది. ఈ రెండు నంబర్లూ నోటీసు బోర్డు మీద మూడు భాషల్లో రాశాం. దీనికి ఖర్చు ఒక స్కెచ్ పెన్ను.

ప్యాకేజీ రెన్యువల్‌కు ఆ సంస్థ మళ్లీ ఫోన్ చేస్తోంది. నేను హెచ్.ఎం. సార్ ముందు వేరే లెక్క పెట్టాను. ఆ డబ్బుతో ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇప్పిద్దాం, ఎనిమిదో తరగతి ఎ సెక్షన్‌కు ఏడాది పొడవునా క్లాసులు తీసుకుందాం, ముందూ తర్వాతా రెండు సెక్షన్లలోనూ చీటీలు వేయిద్దాం, తేడా ఉంటే తెలుస్తుంది అని. బి సెక్షన్ తల్లిదండ్రులు 'మా పిల్లలేం పాపం చేశారు?' అంటే ఏం చెప్పాలని ఆయన అడుగుతున్నారు. 'పనిచేస్తుందని తేలితే వచ్చే ఏడాది వాళ్లకూ పెడతాం, తేలకపోతే వాళ్ల టైము వృథా చేయం' అని పేరెంట్స్ మీటింగ్‌లో నేనే చెప్తానన్నాను. ఆయన ఇంకా సరేననలేదు.