కిట్ డబ్బా పార్టీ రోజు విప్పకండి, ముందే విప్పి వాడి చూడండి

వంటపాత్రలను ఇంట్లో పార్టీ పెట్టి అమ్మే పనిలోకి కొత్తగా దిగుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పార్టీలో చూపించడానికి కంపెనీ అమ్మే పాత్రల కిట్ ఇంకా కొనకపోతే మరీ మంచిది. కొనేసి, మొదటి పార్టీకి అందరినీ పిలిచేసి ఉంటే మాత్రం ఇవాళే ఆ డబ్బా విప్పండి. నేను విప్పలేదు. పోయింది నా డబ్బు ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. నన్ను నమ్మి వచ్చినవాళ్ళ డబ్బు కూడా ఇరుక్కుంది.

నన్ను ఇందులో చేర్పించిన మేడమ్ చాలా ఆప్యాయంగా మాట్లాడేవారు. "నువ్వేం అమ్మక్కర్లేదమ్మా, నలుగురిని పిలువు, గిన్నెలు బల్ల మీద పెట్టు, అవే అమ్ముడుపోతాయి" అన్నారు. స్టార్టర్ కిట్‌కు డబ్బు కట్టాను. ఒక నాన్‌స్టిక్ పెనం, రెండు స్టీలు గిన్నెలు, అయిదు మూతల డబ్బాలు, ఒక కట్ట ఆర్డర్ ఫారాలు. పార్టీకి మూడు రోజుల ముందు వచ్చింది. కొత్త సరుకు కొత్తగానే కనబడాలి, గీత పడితే ఎవరు కొంటారు అనుకుని కవర్లు కూడా చింపకుండా పక్కన పెట్టాను. ఆ మూడు రోజులూ ఇల్లు సర్దుకోవడానికీ, అందరికీ మళ్ళీ ఫోన్ చేసి గుర్తు చేయడానికీ సరిపోయాయి. అసలు చేయాల్సిన పని అదొక్కటీ వదిలేసి మిగతావన్నీ చేశాను.

11 మంది వచ్చారు. పెనం తీసి ఇండక్షన్ పొయ్యి మీద పెట్టాను. డబ్బా మీద 'అన్ని రకాల పొయ్యిలకూ' అని పెద్ద అక్షరాలతో ఉంది. స్విచ్ వేస్తే పొయ్యి కీచుమని మోగి ఆగిపోయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ అంతే. మా వదిన లేచి వెళ్ళి ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం బొమ్మ తెచ్చి పెనం అడుగున ఆనించింది. అది అంటుకోకుండా జారి బల్ల మీద పడింది. ఇండక్షన్ పొయ్యి వేడిని పాత్ర అడుగులోనే పుట్టిస్తుంది, అక్కడ అయస్కాంతం పట్టే లోహం లేకపోతే పొయ్యి ఆ పాత్రను గుర్తించదు. నా పెనం అడుగు ఉత్త అల్యూమినియం. అర నిమిషంలో తేలిపోయే పరీక్ష అది. నా వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు చేసి ఉంటే అక్కడితో పోయేది.

తర్వాత మూత డబ్బా. చుక్క కారదు అని చెప్పి నీళ్ళు పోసి మూత బిగించి తలకిందులు చేశాను. నీళ్ళు నా మణికట్టు మీదుగా కారి ఆర్డర్ ఫారాల మీద పడ్డాయి. మూత లోపలి గాడిలో ఉండాల్సిన రబ్బరు రింగు అసలు లేదు. డబ్బాలన్నీ వెతికాం, దొరకలేదు.

ఈ డెమో విషయం తేలిగ్గా తీసుకోకండి. పార్టీలు పెట్టి వంటింటి సరుకు అమ్మడం ఇంతగా వ్యాపించిందే మూతల వల్ల. అమెరికాలో ఎర్ల్ టప్పర్ అనే ఆయన 1940లలో చేసిన ప్లాస్టిక్ డబ్బాలు దుకాణాల అరల్లో అంతగా కదల్లేదు. మూత మధ్యలో నొక్కి, అంచు కొద్దిగా ఎత్తి గాలి బయటకు పంపాలని ఎవరో ఒకరు చేత్తో చూపిస్తే తప్ప కొనేవాళ్ళకు తెలిసేది కాదు. బ్రౌనీ వైజ్ అనే ఆవిడ లాంటివాళ్ళు ఇళ్ళలో కూర్చోబెట్టి చూపించి అమ్ముతుంటే, 1951లో ఆయన కంపెనీ టప్పర్‌వేర్ దుకాణాల్లో అమ్మకం ఆపేసి పార్టీల మీదే నడవాలని నిర్ణయించుకుంది. (నా కిట్ ఆ కంపెనీది కాదు. వేరే.) ఈ పద్ధతికి మూలం వస్తువు పనిచేస్తుందని కళ్ళముందు చూపించడం. చూపించేవాళ్ళకే అది పనిచేస్తుందో లేదో తెలియకపోతే ఇక మిగిలేది మొహమాటం. ఇంటికి పిలిచింది కాబట్టి ఏదో ఒకటి కొనకపోతే బాగుండదు అని కొంటారు. మా ఇంట్లో ఆ రోజు జరిగింది అదే. అంత జరిగాక కూడా 6 మంది ఆర్డర్ ఇచ్చారు. నా మొహం చూసి ఇచ్చారు.

మేడమ్ ఇచ్చిన కాగితం చదివి నేను చెప్పిన మాటలు ఇంకో బాధ. స్టీలు గిన్నె అడుగున 18/10 అని ఉంటే 18 పొరలు అని కాగితంలో ఉంది, నేనూ అదే చెప్పాను. పొరలు కావవి. ఆ స్టీలులో 18 శాతం క్రోమియం, 10 శాతం నికెల్ ఉన్నాయని అర్థం. వచ్చినవాళ్ళలో ఒకావిడకు నికెల్ పడదట, గాజుల దగ్గర దద్దుర్లు వస్తాయట. ఇందులో నికెల్ ఉందా అని ఆవిడ అడగబట్టి సరిపోయింది. అలాగే, 18/10 స్టీలుకు సాధారణంగా అయస్కాంతం అంటుకోదు. అంటుకోలేదని అది నకిలీ అనుకోకండి, ఇండక్షన్‌కు పనికిరావాలంటే మాత్రం అడుగున వేరే అయస్కాంత పొర ఉండాలి. డబ్బాల అడుగున త్రికోణంలో ఉండే 5 అంకె అది పాలీప్రొపిలీన్ అనే రకం ప్లాస్టిక్ అని చెబుతుంది, అంతే. మైక్రోవేవ్‌లో పెట్టొచ్చన్న హామీ కాదది, దానికి విడిగా గుర్తు ఉందో లేదో చూడాలి.

అన్నిటికంటే నన్ను నిద్ర పట్టనివ్వని మాట నాన్‌స్టిక్ గురించి చెప్పింది. 'ఎంత మంట మీదైనా ఏమీ కాదు' అన్నాను. కాగితంలో అలాగే ఉంది. నాన్‌స్టిక్ పూతకు ఎక్కువగా వాడే టెఫ్లాన్ రకం పదార్థం సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పాడవడం మొదలవుతుంది. ఇంకా వేడెక్కితే వచ్చే పొగ పంజరంలో పెంచుకునే పక్షుల ప్రాణం తీస్తుంది. పెద్ద మంట మీద ఖాళీ పెనాన్ని మరిచిపోతే ఆ వేడి కొద్ది నిమిషాల్లోనే వచ్చేస్తుంది. నా దగ్గర కొన్న స్నేహితురాలి ఇంట్లో రెండు చిలకలున్నాయి. ఈ సంగతి తెలిసిన రోజే పరుగున ఫోన్ చేశాను. అదృష్టం బాగుండి ఆమె ఇంకా పెనం వాడటం మొదలుపెట్టలేదు. మీకు ఎవరైనా చదవమని కాగితం ఇస్తే, అందులో ప్రతి వాక్యం మీ నోటి నుంచి వస్తుందని, మీ మాటగానే వింటారని గుర్తుంచుకోండి. మీకు తెలియని వాక్యం కొట్టేయండి.

ఇక డబ్బు. ఆర్డర్ల డబ్బంతా నా చేతికే ఇవ్వమని, అందరిదీ కలిపి నేను ఒకేసారి కంపెనీకి పంపాలని మేడమ్ చెప్పారు. పంపాను. రెండు వారాలన్నది ఏడు వారాలైంది. వచ్చినవాటిలో రెండు వేరే సైజు, ఒక డబ్బాకు మూత లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే మా లెక్కలో కొన్నది మీరే, మీ కస్టమర్లతో మాకు సంబంధం లేదన్నారు. ఎందుకంటే రసీదు నా పేరు మీదే ఉంది. వాపసుకు అసలు ప్యాకింగ్ కావాలి, రవాణా ఖర్చు నాదే. ముగ్గురికి నేనే నా చేతి డబ్బు ఇచ్చేశాను. తీసుకోబోమని ఇద్దరు మొండికేస్తే బతిమాలి ఇచ్చాను. పార్టీ పెట్టినందుకు ఇస్తామన్న బహుమతి కూడా ఈ వాపసులు తీసేశాక మిగిలిన అమ్మకం మీద లెక్కేస్తారట. లెక్కేస్తే నాకేమీ రాలేదు. పైగా సభ్యత్వం నిలవాలంటే నెలనెలా ఇంత కొనాలన్న షరతు ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉంది.

కిట్ వెనక్కి ఇస్తానంటే విప్పినది తీసుకోబోమన్నారు. ఇక్కడే ఉంది చిక్కు. విప్పి వాడకుండా పార్టీ పెడితే నాలా అవుతుంది, విప్పితే వాపసు ఉండదు. అందుకే డబ్బు కట్టకముందే అడగండి: విప్పి చూశాక లోపం ఉంటే తీసుకుంటారా, ఎన్ని రోజుల్లోపు, రవాణా ఖర్చు ఎవరిది. కాగితం మీద రాసి ఇమ్మనండి. నోటి మాటతో సరిపెడితే ఆ కిట్ కొనకండి.

కిట్ చేతికొచ్చాక పార్టీకి కనీసం రెండు వారాలు గడువు పెట్టుకోండి. ఆ రెండు వారాలూ ఆ పాత్రల్లోనే మీ ఇంటి వంట చేయండి. డబ్బాలో నీళ్ళు పోసి ఒక రాత్రంతా పాత తువ్వాలు మీద బోర్లించి ఉంచండి. డెమోలో ఏ పొయ్యి వాడతారో ఆ పొయ్యి మీదే చేసి చూడండి, ఏది ముందు చూపించాలో ఏది తర్వాత చూపించాలో కూడా అప్పుడే తెలుస్తుంది. కొద్దిగా వాడిన పెనం చూపిస్తే ఎవరూ చిన్నచూపు చూడరు. వాడిన తర్వాత ఎలా ఉంటుందో చూడాలనే కదా వాళ్ళు వచ్చేది.

కొనేవాళ్ళకు కూడా ఒక మాట. ఎంత దగ్గరివాళ్ళ ఇంట్లో పార్టీ అయినా డబ్బు నేరుగా కంపెనీకి కట్టండి, మీ పేరు మీద రసీదు అడగండి. అలా అడిగితే పిలిచినావిడ నొచ్చుకుంటుందని అనుకోవద్దు, నన్ను ఎవరైనా అడిగి ఉంటే ఎంత బాగుండేదో. ఇంటికొచ్చి అమ్మిన సరుకును కొన్ని రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు చాలా దేశాల చట్టాల్లో ఉంది. ఐరోపా సమాఖ్యలో 14 రోజులు. అమెరికాలో 3 పని దినాలు. మీ దగ్గర ఎంతో ఆర్డర్ ఇచ్చిన రోజే కనుక్కోండి, ఆలస్యంగా వచ్చే సరుకు కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే ఆ గడువు దాటిపోవచ్చు.

పక్కింటావిడకు రావాల్సిన మూత ఇంకా రాలేదు. నిన్న మళ్ళీ ఫోన్ చేస్తే కొత్త ఫిర్యాదు నంబరు ఇచ్చారు, ఇది నాలుగోది. అన్నీ ఆ తడిసిన ఆర్డర్ ఫారం వెనకే రాసి పెడుతున్నాను.