మాస్టోడాన్‌లో మూడేళ్లు: ఫీడ్ అయిపోతుంది, అదే నాకు కావలసింది

"అమ్మా, అప్పుడే అయిపోయిందా?" అని అడిగింది మా పాప. 2022 డిసెంబరులో ఒక రాత్రి. అంతకు ముందు భోజనాలయ్యాక ఫోన్ పట్టుకుని మంచం మీద వాలానంటే పదకొండున్నర దాకా కదిలేదాన్ని కాదు. ఆ రోజు పావుగంటకే ఫోన్‌ని చార్జింగ్‌కి పెట్టేసి దుప్పటి దులుపుతున్నాను. దానికి వింతగా అనిపించింది. నాకూ వింతగానే ఉంది. మాస్టోడాన్‌లో ఫీడ్‌ని, అంటే వరసగా వచ్చే పోస్టుల్ని, వేలితో కిందికి జరుపుతూ పోతుంటే, పొద్దున స్కూలుకు బయల్దేరేముందు చూసిన ఫొటోనే మళ్లీ ఎదురైంది. నీళ్లలో ఒంటికాలి మీద నిలబడ్డ బూడిద రంగు కొంగ. అంటే మధ్యలో వచ్చినవన్నీ చూసేశానన్నమాట. చూడాల్సింది ఇంకేమీ లేదు.

మా నాన్నగారు పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి ఆటల పేజీ దాకా చదివి, మడతపెట్టి, టీపాయ్ కింద పెట్టేసేవారు. మళ్లీ మర్నాడు కొత్త పేపరు వచ్చేదాకా దాని జోలికి పోయేవారు కాదు. నా ఫోన్‌లో అలాంటి మడత ఒకటి పడి ఎన్నేళ్లయిందో ఆ రాత్రి లెక్కేసుకున్నాను.

మాస్టోడాన్ అంటే ట్విట్టర్ లాంటి సోషల్ మీడియానే. కాకపోతే ఒక కంపెనీ చేతిలో ఉండదు, వేర్వేరు మనుషులు నడిపే సర్వర్లు ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయి, వాటిలో ఒకదాంట్లో మనం ఖాతా తెరుస్తాం. ఎలా చేరాలి, ఏ సర్వర్ ఎంచుకోవాలి అన్నవి ఇక్కడ రాయను. అవి చాలామంది చెప్పారు. నేను చెప్పేది ఈ 'అయిపోవడం' గురించే.

నాకు పక్షులంటే ప్రాణం. ఆదివారం వీలు కుదిరితే తెనాలి నుంచి ఉప్పలపాడు వెళ్తాం. అక్కడి చెరువుల్లో సర్కారు తుమ్మల మీద గూడబాతులు, కొంగలు గూళ్లు పెట్టుకుంటాయి. తీసిన ఫొటోలు ఒక పెద్ద ఫొటోల యాప్‌లో పెట్టేదాన్ని. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత్తర్వాత నేను ఫాలో అయినవాళ్ల ఫొటో ఒకటి కనబడాలంటే, ముక్కూమొహం తెలియనివాళ్ల వీడియోలు అయిదారు దాటాల్సి వచ్చేది. ఆ ఒక్క ఫొటో కోసం జరుపుతూ జరుపుతూ గంట పోయేది. ఇలా కిందికి జరిపేకొద్దీ కొత్తవి పుట్టుకొచ్చే పద్ధతిని 2006లో తయారుచేసిన డిజైనర్ ఏజా రాస్కిన్, దానివల్ల జరిగినదానికి బాధపడుతున్నానని తర్వాత ఆయనే చెప్పారు. ఆ మాట చదివినప్పుడు తప్పంతా నాది కాదని కాస్త ఊరట కలిగింది.

2022లో ట్విట్టర్ చేతులు మారాక జనం గుంపులుగా మాస్టోడాన్‌కి వచ్చారు. నాకు తెలిసిన పక్షుల ఫొటోగ్రాఫర్లు కొందరు కూడా అందులో ఉన్నారు. వాళ్ల వెనకే నేనూ వెళ్లాను. అక్కడ హోమ్ ఫీడ్‌లో నేను ఫాలో అయినవాళ్లు పెట్టినవి, వాళ్లు బూస్ట్ చేసినవి, అంటే ఇతరుల పోస్టుల్లో నచ్చి మళ్లీ పంచినవి, మాత్రమే వస్తాయి. ఏది ముందు పెట్టారో ఏది తర్వాత పెట్టారో ఆ వరసలోనే వస్తాయి. ప్రకటనలు లేవు. 'ఇది మీకు నచ్చవచ్చు' అంటూ మధ్యలో దూర్చేవి లేవు. అందుకే చివర వస్తుంది.

దీనికి తోడు సెట్టింగుల్లో స్లో మోడ్ అని ఒకటుంది. నేను ఫోన్‌లో బ్రౌజర్‌లోనే వాడతాను కాబట్టి నాకు పనికొచ్చింది. అది ఆన్ చేస్తే కొత్త పోస్టులు వాటంతటవి పైన వచ్చి పడవు. ఇన్ని కొత్తవి ఉన్నాయని అంకె చూపించే బటన్ మాత్రం వస్తుంది. నొక్కితేనే తెరుచుకుంటాయి. ఆ అంకె చూసి, "సరే, రేపు చూద్దాం" అనుకోవడం నాకు కొత్త. ఆ ఒక్క క్షణం ఆగడం చాలు, చాలాసార్లు ఫోన్ పక్కన పెట్టేశాను.

మొదటి మూడు నెలల్లో నేను ఫీడ్ చూసే సమయం రోజుకు రెండున్నర గంటల నుంచి నలభై నిమిషాలకు దిగింది. స్టాఫ్ రూమ్‌లో అందరికీ ఫోన్ తీసి ఆ లెక్క చూపించాను.

కానీ ఆ లెక్క అలాగే నిలబడలేదు. హ్యాష్‌ట్యాగులను కూడా ఫాలో అవొచ్చని తెలిసి పక్షులు, పూలు, చెట్లు అంటూ ఏడెనిమిది పెట్టుకున్నాను. వారం తిరగకుండానే చివర మాయమైంది. ప్రపంచంలో ఏ మూలన ఎవరు పిట్ట ఫొటో పెట్టినా నా ముందుకొచ్చేది. అవన్నీ తీసేసి, ఫాలో అయ్యేవాళ్లను మూడు వందల నుంచి నూట నలభైకి తగ్గించాకే మళ్లీ చివర కనబడింది. కాబట్టి ఫీడ్ తనంతట తానే అయిపోతుందని నేను అందరికీ చెప్పినది పూర్తిగా నిజం కాదు. ఎంతమందిని పెట్టుకున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. మిగిలిన సమయమంతా పుస్తకాలకు పోలేదు. అందులో కొంత ఇంకో యాప్‌లో చిన్న వీడియోలకు పోయింది. వాట్సాప్ గ్రూపులు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఇప్పుడు అన్నీ కలిపితే రోజుకు గంటా పది నిమిషాలు. మునుపటికంటే చాలా నయం, అంతే.

నన్ను నిజంగా ఏడిపించింది 2024 వేసవి. నేను చేరిన సర్వర్‌ని ఒకాయన సొంత డబ్బుతో, కొద్దిపాటి విరాళాలతో నడిపేవారు. ఇక నడపలేనని, మూడు నెలల్లో మూసేస్తానని మెయిల్ పెట్టారు. ముందుగా చెప్పడం ఆయన మంచితనం. నేనే చూడలేదు. పబ్లిక్ పరీక్షలు, ఆ తర్వాత స్పాట్ వాల్యుయేషన్, ఆ పైన మా అత్తగారి కంటి ఆపరేషన్. నేను మెయిల్ తెరిచేసరికి తొమ్మిది రోజులే మిగిలాయి.

ఆ రాత్రే వేరే సర్వర్‌లో ఖాతా తెరిచి, పాతదాన్ని దానికి ముడిపెట్టాను. నన్ను ఫాలో అయ్యేవాళ్లలో ఎక్కువమంది వాళ్ల ప్రమేయం లేకుండానే కొత్తచోటికి వచ్చేశారు. నేను ఫాలో అయ్యేవాళ్ల జాబితాను ఒక ఫైలుగా దించి మళ్లీ ఎక్కించాను. ఇంత సులువా అని ఆశ్చర్యపోయాను. కానీ పోస్టులు రావు. ఏడాదిన్నరలో పెట్టిన ఆరు వందలకు పైగా పోస్టులు, ఫొటోలు. ఆర్కైవ్, అంటే నా ఖాతాలో ఉన్నవాటి ప్రతి, అడిగితే, నా ఫొటోలు, నేను రాసినవి కోడ్ నిండిన ఒక ఫైలులో వచ్చాయి. అవతలివాళ్ల జవాబులు అందులో లేవు.

అవే నాకు ముఖ్యం. దుగ్గిరాల దగ్గర పసుపు చేలో తీసిన ఒక గోధుమ రంగు పిట్ట ఫొటో పెట్టి ఇదేమిటని అడిగితే, ముగ్గురు రెండు రోజుల పాటు దాని రొమ్ము మీది చారలు, కంటిపైన తెల్లటి గీత చూసి వాదించుకుని తేల్చారు. నేను పదో తరగతి పిల్లలకు బయాలజీ చెప్తాను. ఒక జీవిని గుర్తుపట్టడమంటే ఎలా ఉంటుందో చూడండని క్లాసులో ఆ సంభాషణ చదివి వినిపించాను. స్క్రీన్‌షాట్ తీసుకోవాలని తట్టలేదు. ఇప్పుడది నా దగ్గర లేదు.

అలాగని వెనక్కి వెళ్లలేదు. అక్కడ ఫొటోకి వివరణ రాసే అలవాటు నన్ను పట్టి ఉంచింది. చూపులేనివాళ్ల కోసం ఫొటోలో ఏముందో మాటల్లో రాయాలి. 'తెల్లటి ఒళ్లు, పొడవాటి పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు' అని ఎర్రకాళ్ల కొంగ గురించి రాస్తుంటే, పదేళ్లుగా చూస్తున్న పక్షిని ఇప్పుడే చూస్తున్నట్టు అనిపించింది. ఒక్కో ఫొటోకి అయిదు నిమిషాలు పడుతుంది. అందుకే వారానికి రెండే పెడతాను.

తెలుగువాళ్లు మాత్రం చాలా తక్కువ. తెలుగులో రాస్తే వారం రోజులు ఒక్క పలకరింపు కూడా లేని సందర్భాలున్నాయి. ఎన్నికల ఫలితాల రోజున, బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, నేనూ పాత చోటికే పరుగెత్తాను. మనవాళ్ల కబురు అక్కడే తెలిసింది.

నా ఉద్యోగానికి సోషల్ మీడియాతో పని లేదు కాబట్టి మానేయగలిగాను. మా చెల్లెలు మంగళగిరి చీరలు ఫోన్‌లోనే అమ్ముతుంది, తనకు కొనేవాళ్లంతా ఆ పెద్ద యాప్‌లోనే ఉన్నారు. తనకు నేను ఇది చెప్పలేదు, చెప్పను కూడా. పక్షులో, మొక్కలో, నక్షత్రాలో ఏదో ఒక ఇష్టం ఉండి, కొద్దిమందితో సరిపెట్టుకోగలిగితే ఒక నెల వాడి చూడవచ్చు.

ఇప్పుడున్న సర్వర్‌కి నెలకు రెండు వందలు ఇస్తున్నాను. నెల మొదటి ఆదివారం ఆర్కైవ్ దించుకుంటాను, మంచి జవాబు వస్తే ఆ పూటే స్క్రీన్‌షాట్ తీసి పాప లాప్‌టాప్‌లో దాస్తున్నాను.